మూడో రేకు

బయట జెనసీ నది మీద మంచు
ఏ చప్పుడూ లేకుండా పేరుకుంటోంది.
లోపల, ఫిబ్రవరి రాత్రి, పదకొండున్నరకి
నేను రేకులు కత్తిరిస్తున్నాను.
ఉల్లిపొర కంటే పల్చటి అల్యూమినియం.
గట్టిగా ఊపిరి వదిలితే లేచిపోతుంది.
అందుకే మాస్కు. అందుకే
ఈ గదిలో నన్నెవరూ పలకరించరు.

అవతలి హాలులో అరవై లేజర్ కిరణాలు
ఆవగింజంత గుండు మీదకి
అన్ని దిక్కుల నుంచీ ఒక్కసారే దూకుతాయి.
అది లోపలికి నలిగి, ఒక్కసారి వెలిగి, అయిపోతుంది.
ఆ వెలుగు ఆయుష్షుతో పోలిస్తే
రెప్పపాటు ఒక యుగం.

ఎంత వేడెక్కింది?
ఏ థర్మామీటరు పెడతావు, పెట్టినదల్లా ఆవిరి.
చెయ్యి వేసి చూద్దామంటే చెయ్యి మిగలదు.

కాబట్టి దూరంగా నిలబడి
అది వదిలే ఎక్స్‌రేల సత్తువ చూస్తాం.
సూదిబెజ్జం వెనక రేకు, రేకు వెనక పలక.
నీరసపు కిరణం మందపు రేకులోనే కూలబడుతుంది,
మొండిది దాటుకొస్తుంది.
ఎన్ని ఆగాయి, ఎన్ని దాటాయి
ఆ లెక్కలో ఉంటుంది జ్వరం.

న్యూట్రాన్ల వాళ్ళకి వేరే కొలత ఉంది.
వాళ్ళ అంకె ఎప్పుడూ మాకంటే ఓ మెట్టు పైనే.
లోపలి పదార్థం అటూ ఇటూ పరిగెడితే
ఆ పరుగుని కూడా వేడి కింద జమ కట్టేస్తుంది వాళ్ళ యంత్రం.
మా ఎక్స్‌రే పరుగుల్ని పట్టించుకోదు.
ఒళ్ళు కాలుతోందా లేదా, అంతే.

మా నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు
కొడాక్‌లో ఫిల్ముకి పూత పూశాడు, చీకట్లో.
కళ్ళు తెరిచినా మూసినా ఒక్కటే అయిన చీకటి.
ఒకరికొకరు గుద్దుకోకుండా ఈల వేసుకుంటూ నడిచేవారట.
ఇంట్లో లైటు వెలుగుతున్నా
మెట్లెక్కుతూ ఈల వేసేవాడు.
"వెలుగు దొంగముండ, వాండా,
దానికి సందు అక్కర్లేదు, సందు అనుమానం చాలు."

ఒంటిగంటా పదికి పేల్చారు.
స్కానర్ లోంచి మూడు బొమ్మలొచ్చాయి,
మసక అంచుల వేలిముద్రల్లా.
క్వాబెనా లెక్క కట్టాడు, మళ్ళీ కట్టాడు,
కుర్చీలోంచి లేచాడు.
ఆరు కోట్ల డిగ్రీలు!
నాలుగేళ్ళుగా ఈ పరిశోధన పట్టుకుని వేలాడుతున్నవాడు.
ఎవరో ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్‌ని నిద్రలేపారు.
ఎవరో యంత్రంలోంచి ఉన్న చాక్లెట్లన్నీ కొనుక్కొచ్చారు.

న్యూట్రాన్ల అంకె అయిదు కోట్లు.
మొదటిసారి మేము వాళ్ళకంటే పైన.
అందరూ అదే గొప్పగా చెప్పుకుంటున్నారు.
నా వేళ్ళకి మాత్రం
సాయంత్రం పట్టకారు జారిన క్షణం గుర్తొచ్చింది.

చెప్పకుండా ఉండొచ్చు.
చెప్పకుండా పావుగంట ఉన్నాను కూడా.

రేకుల గదికి వెళ్ళి, పెట్టెలోంచి తీసి,
మూడోదాన్ని దీపానికెదురుగా పట్టుకున్నాను.
అన్నింటికన్నా మందమైనది.
దాని మూలన ఒక నక్షత్రం.
అంత చిన్నది, అంత చక్కనిది.
దాటరాని నీరసాలన్నీ
ఆ చిల్లు లోంచి దూరి
మొండివాళ్ళ లెక్కలో కలిసిపోయాయి.

నేను చూపిస్తే క్వాబెనా ఒక్క మాటా అనలేదు.
చిల్లు పడ్డ మేరకి బొమ్మని కొట్టేసి, మిగతాదానితో
మళ్ళీ కట్టాడు లెక్క.
మూడు కోట్ల తొంభై లక్షలు.
ఎప్పటిలాగే న్యూట్రాన్ల కింద, బుద్ధిగా.
ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది నేనే.
అటువైపు చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది,
తర్వాత "సరే, పడుకో" అన్నాడు,
ఎవరితో అన్నాడో మరి.

నాలుగింటికి కారు మీది మంచు గీకుతుంటే
తెలియకుండానే ఈల వేస్తున్నాను.
క్వాబెనా రెండు కాఫీలు పట్టుకుని వచ్చాడు,
ఒకటి నా చేతిలో పెట్టాడు.
అది వేడిగా ఉందో లేదో
ఇద్దరం చాలాసేపటిదాకా చూసుకోలేదు.